ఎమ్మిగనూరు బడిలో నా మనవరాలి ఊ

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే మానుకోనక్కర్లేదు, శెనగకాయలు వలుచుకుంటూ వినండి. చెవులు మాత్రం ఇటు ఉండనివ్వండి. నేను మాట మాటకూ ఆగుతాను. ఆగినప్పుడల్లా మీరు ఊ అనాలి. ఊ అనేవాళ్ళు లేకపోతే నా కథ అడుగు ముందుకు వేయదు. మా అవ్వ దగ్గర నేను ఊ కొట్టి నేర్చుకున్నాను, నా మనవరాలు మంజు నా దగ్గర ఊ కొట్టి పెరిగింది. చదువు నాకు రెండో తరగతిలోనే ఆగిపోయింది గానీ, చెవిన పడ్డది ఒక్క మాట పోగొట్టుకోలేదు. కాబట్టి ఈ ప్రయాణంలో ఎవరు ఏమన్నారో, ఏం తిన్నానో, నాకు ఎక్కడెక్కడ కడుపు మండిందో అంతా చెప్పగలను. మండింది చాలా చోట్ల, ముందే చెబుతున్నాను.

కౌతాళం బస్సు

మా అమ్మాయి పద్మను ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాళ్ళ ఇంటికి ఇచ్చాము. దాని కూతురే మంజు. ఐదో తరగతి. ఏటా దసరా సెలవులు ఇస్తారనగానే బట్టల సంచి సర్దుకుని మా ఊరు కౌతాళం వచ్చేసేది. ఆ సెలవులన్నీ నావి. పగలంతా కాలువ గట్టు మీద తిరిగినా సాయంత్రానికి నా పక్కన చేరి, గడ్డం మోకాళ్ళ మీద ఆనించుకుని ఊ అనేది. దాని ఊ మీకు తెలియదు. భయం వేస్తే చిన్నగా, నవ్వొస్తే సాగదీసి, నేను కావాలని కథ తప్పిస్తే అనుమానంగా అనేది. ఆ ఊ వింటుంటే నాకు రాని కథ కూడా నోటికి వచ్చేది.

ఈసారి సెలవులు దగ్గర పడ్డాయని ఫోన్ చేస్తే, "నేను రాను అవ్వా" అంది.

"ఏంటికి రావు? ఒళ్ళు బాగలేదా?"

"బాగుండాను. బడిలో గేము అయిపోలేదు. చీర సగమే నేసినా. చీర కానోళ్ళ కోసరం సెలవుల్లో కూడా పొద్దున పూట టీచరు బడి తెరుస్తాదంట."

"బడిలో గేమేందే?"

"ట్యాబులో అవ్వా. లెక్క సేస్తే చీర నేసుకుంటా పోతాది. కథ కూడా వస్తాది. జేజి సెప్తాది దాంట్లో."

జేజి అంటే మంజు నాన్నకు తల్లి, నా వియ్యపురాలు శంకరమ్మ. పద్మ పెళ్ళిలో నాతో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి. ఆమె కథ చెప్పడం, దాన్ని బడి పిల్లలు వినడం, దాని కోసం నా మనవరాలు నా సెలవులు ఎగ్గొట్టడం. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు నేను. మరుసటి రోజే బయలుదేరాను. మంజును నాతో తీసుకురావాలి, అంతే.

ఇప్పుడు ఆడవాళ్ళకు పల్లె బస్సుల్లో టికెట్టు లేదు కదా, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. అందుకని బస్సు నిండా మేమే. నా పక్కన పత్తి విడిపించే పనికి పోతున్న ఒక ఆడమనిషి కూర్చుంది. ఆమెది అంతా కన్నడమే. నాకు పట్టలేక నా గోడు మొత్తం తెలుగులోనే చెప్పేశాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు గానీ నేను ఆగిన ప్రతి చోటా "హూం" అంది. భాష వేరైనా ఊ మాత్రం సరిగ్గా పడింది. ఆమె దిగిపోతుంటే సొంత చెల్లెలు దిగిపోతున్నట్టు అనిపించింది.

ఆదోని

ఆదోనిలో దిగగానే ముక్కులో దూది పడుతుంది. పత్తి సీజను. మార్కెట్టు యార్డు దారంతా బండ్లు, ట్రాక్టర్లు, గాలిలో తెల్లటి నూగు. ముందు కడుపు చూసుకున్నాను. బస్టాండు దగ్గర బండి మీద ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, నలభై రూపాయలు. మా ఊళ్ళో ఇరవై ఐదుకే పెడతారు, పైగా నానేసిన బొరుగుల్ని గట్టిగా పిండి చేస్తారు, ఇలా నీళ్ళు కారవు. కానీ బజ్జీ మాత్రం ఒప్పుకోవాలి, మా ఊరి బజ్జీ దీని ముందు నిలవదు. ఆ రోజు నాకు బజ్జీ మీద కూడా అసూయే.

తిన్నాక నాకొక ఆలోచన వచ్చింది. శంకరమ్మ దగ్గర గేము ఉంటే నా దగ్గరా ఒక గేము ఉండాలి కదా. పాత ఫోన్లు బాగుచేసే అంగడి కనిపిస్తే ఎక్కాను. గడ్డం నెరిసిన సాయబు, కంటికి భూతద్దం తగిలించుకుని ఫోను పేగులు బయటికి తీసి కూర్చున్నాడు.

"భాయ్, పిల్లలాడే గేము యాదన్నా మంచిది ఎయ్యి నా ఫోన్లో. ఎమ్మిగనూరు బడిలో చీర గేము పట్టుకుని కూసున్న మనవరాలు దాన్ని సూసి నా యెంట రావాల."

ఆయన భూతద్దం పైకి నెట్టి నన్ను చూశాడు. "పోటీకి కొంటాండావా అమ్మా?"

"పోటీ అని నేనన్న్యానా?"

"ముఖం అంటాంది." నవ్వి, ఒక ఫోను నా చేతికిచ్చాడు. దాంట్లో కారు. వేలితో నడపాలట. నడిపాను. గోడకు గుద్దుకుంది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ గుద్దాను. మళ్ళీ వచ్చింది.

"ఇది సావదా?"

"సావదు. గుద్దినపుడల్లా ఇంకో పానం ఇస్తాది. ఏంటికి గుద్దినావో మాత్రం సెప్పదు. మీ బడిలో పెట్టింది ఇట్లాంటిది కాదమ్మా. మా అన్న కూతురు ఎమ్మిగనూరులోనే టీచరు, దాని గురించి సెప్పింది. తప్పు సేస్తే తప్పు యాడుందో సూపిస్తాది, దిద్దుకునేదాకా పోనీదు. దాన్ని సూడకుండానే తిట్టుకుంటా పోతాండావు, ముందు సూసి తిట్టు."

గేము అమ్మలేదు. నా ఫోను మూత ఊడిపోతుంటే బిగించి ఇచ్చి, డబ్బు వద్దన్నాడు. మా చిన్నమ్మ కూతురింట్లో ఆ పూట ఉండి పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడుగునా చూసి తిట్టడానికి మాటలు పేర్చుకుంటూ పోయాను.

శంకరమ్మ ఇల్లు

ఆ వీధిలోకి మలుపు తిరగగానే మగ్గాల చప్పుడు. మునుపు ప్రతి ఇంటా వినిపించేది, ఇప్పుడు ఇల్లు విడిచి ఇల్లు. శంకరమ్మ ఇంట్లో అల్లుడు గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. ఆ రోజు ఆదివారం, బడి లేదు. నన్ను చూసి మంజు వచ్చింది, కావలించుకుంది, వెంటనే వెనక్కి పోయి జేజి పక్కన కూర్చుని పప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. మీరు ఊ అనండి. నేను ఇక్కడ కొంచెం ఆగాలి.

భోజనానికి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, శెనగకాయల పొడి. కాలువ నీళ్ళొచ్చాక మా వైపు వరి అన్నానికి అలవాటు పడిపోయాం, రొట్టె చేయడం నాకు చేతకాకుండా పోయింది. శంకరమ్మ రొట్టె కాగితంలా ఉంది. మూడు తిన్నాను. బాగుందని మాత్రం అనలేదు.

"వదినా, నువ్వు కథలు సెప్తావని నాకు తెలీకపాయ" అన్నాను, నీళ్ళు తాగుతూ.

"సెప్పేదాన్ని కాదు వదినా. మంజు టీచరే యెంటబడింది. పిల్లోళ్ళకు లెక్కలు రావాలంటే మన పని మీదనే గేము సేస్తానంది. చీర నేసేది పెట్టింది. దానికి మగ్గం తెలిసిన ముసిల్దాని గొంతు కావాలంట."

"కౌతాళంలో గొంతుల్లేవా?"

"కౌతాళంలో మగ్గాల్లేవు కదా వదినా."

పద్మ రొట్టె తెచ్చే నెపంతో వంటింట్లోకి పోయింది. శంకరమ్మ మాత్రం తాపీగా చెప్పుకుపోయింది. గొంతు రికార్డు చేసే రోజు టీచరు అందరినీ నోరు మూసుకోమందట. ఈమె ఒక మాట చెప్పి ఆగిందట. ఎవరూ పలకలేదు. ఇంకో మాట చెప్పి ఆగిందట. ఊహూఁ. చెప్పమ్మా అని టీచరు సైగ చేస్తే, "ఊ అనేటోళ్ళు లేకుండా గోడకు సెప్పాల్నా?" అని లేచి వచ్చేసిందట. అప్పుడు టీచరు మంజును పిలిచి పక్కన కూర్చోబెట్టిందట.

"మంజు ఊ కొట్టింది. దాంతోనే కథ పూర్తయ్యింది" అంది శంకరమ్మ.

నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. కథ ఆమెది అయితే అయింది. ఆ ఊ నాది. నేను పెంచిన ఊ.

బడి

మరుసటి రోజు బడికి పోయాను. రజియా టీచరు చిన్న వయసు పిల్లే, గొంతు మెత్తన. నేను మంజు అవ్వనని చెప్పగానే కుర్చీ వేసింది. ట్యాబులు అందరికీ లేవు, ఇద్దరికి ఒకటి. అది మంచిదేనట, ఇద్దరూ కొట్లాడుకుని లెక్క తేల్చుకుంటారట. నిజమే. మంజు పక్కన కూర్చున్న హసీనా, మంజు, ఒకరి చెయ్యి ఒకరు తోసుకుంటున్నారు.

గేము ఎలాగంటే, తుంగభద్రమ్మకు చీర నేసిస్తానని ఒక నేతగాడి కూతురు మొక్కుకుంటుంది. నది అంత పొడవు చీర. పడుగుకు నిలువుగా ఎన్ని పోగులు, నెమళ్ళు ఎన్ని, అంచుకు ఏ రంగు ఎంత, అన్నీ పిల్లలే లెక్క కట్టాలి. సరిగ్గా కడితే తెర మీద ఒక వరస నేసుకుంటుంది. తప్పితే ఆ వరసలో ఒక పోగు వదులుగా వేలాడుతుంది. దాన్ని కొంచెం లాగితే ఆ వరస విడిపోతుంది, మళ్ళీ లెక్క వేసి నేయాలి.

"తొంభై ఆరు పోగులు. ఎనిమిది నెమళ్ళకు సమానంగా పంచల్ల" అంది హసీనా.

"పదకొండు" అంది మంజు.

"ఎనిమిది పదకొండ్లు ఎనభై ఎనిమిదే మంజూ. ఇంకా ఎనిమిది మిగిల్తాయి, నెమలికి ఒకటి ఎయ్యి."

"ఆఁ. పన్నెండు."

కిందటేడు భాగహారం అంటే కడుపు నొప్పి తెచ్చుకునే పిల్ల ఇది. తప్పినందుకు ఎవరూ దాన్ని ఏమీ అనలేదు. తనే నవ్వి, పోగు లాగేసి, మళ్ళీ నేసింది. నేను రెండో తరగతిలో పలక మీద తప్పు రాసినందుకు అయ్యవారు కొట్టిన దెబ్బకు మరుసటి రోజు నుంచి బడికి పోలేదు. తప్పు పోగు లాగి మళ్ళీ నేసుకోమని నాకు ఎవరు చెప్పారు? ఆ గదిలో ఉన్న పిల్లలందరి మీదా ఒక్కసారిగా కుళ్ళు పుట్టింది. వియ్యపురాలి మీద పుట్టినదాని కంటే ఇది పెద్దది.

అంతలో ట్యాబులో శంకరమ్మ గొంతు మొదలైంది. "నేతగాని కూతురు నది ఒడ్డుకు పాయ. నీళ్ళలో కాలు పెట్టె." ఆగింది. వెంటనే చిన్నగా, భయంగా, "ఊ." నా మంజు ఊ. దానితో పాటు గదిలో పిల్లలంతా కలిసి "ఊ" అన్నారు.

నా చెవులు వేడెక్కాయి. బాగా చెప్పలేదని అందామంటే బాగానే చెబుతోంది. అదే బాధ.

మంజు నీళ్ళు తాగడానికి లేచింది. నేను దాని ట్యాబు దగ్గరికి వంగాను. దాదాపు చీరంతా అయిపోయింది, కింద కొంచెం మిగిలింది. ఆకుపచ్చ పోగు ఒకటి బయటికి వేలాడుతోంది. మీరూ ఆడవాళ్ళే కదా, ఎవరి కొంగు మీదైనా దారం వేలాడుతుంటే మీ చెయ్యి ఊరుకుంటుందా? నాదీ ఊరుకోలేదు. తెంపుదామని వేలితో పట్టి బర్రున లాగాను.

అది లాగే కొద్దీ వచ్చింది. నెమళ్ళు పోయాయి, అంచు పోయింది, కొంగు పోయింది. వేలు తీసేసరికి తెర మీద ఖాళీ మగ్గం.

"అవ్వా" అని హసీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంజు వచ్చి చూసింది. ఏడవలేదు, అది ఇంకా కష్టం. "నువ్వు కావాలనే తెంపినావు. నేను సెలవులకు రానని" అంది. రజియా టీచరు మెల్లగా, "పోనీలే మంజు, రేపు ఒక రోజు ఉందిగా. లెక్కలు ఇప్పుడు నీకు వచ్చు" అంది. రేపే సెలవులకు ముందు చివరి బడి. రేపటికి చీర కాకపోతే మంజు సెలవులంతా ఎమ్మిగనూరులోనే. నేను వచ్చిన పనిని నా వేలితోనే చెడగొట్టుకున్నాను. ఆ వేలు అలవాటు కొద్దీ పోయిందా, కడుపుమంట కొద్దీ పోయిందా అంటే, ఇప్పటికీ నేను ప్రమాణం చేయలేను.

ఇంట్లో శంకరమ్మ విని, చేటలో జొన్నలు చెరిగింది. చెరుగుతూనే అంది: "నా నేత తెంపేదానికి కౌతాళం నుంచి రావాల్నా వదినా? పద్మతో సెప్పింటే అదే తెంపింటుంది కదా."

మళ్ళీ మొదటి పోగు

మరుసటి రోజు మంజు వెనకే బడికి పోయాను. అది అలిగి నాతో మాట్లాడటం లేదు. అయినా దాని పక్కన కింద కూర్చున్నాను. హసీనా తన వంతు కూడా మంజుకే ఇచ్చేసింది. "నేను ముట్టను. సెయ్యి కట్టుకుంటా" అని రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని కూర్చున్నాను.

మంజు మొదటి లెక్క నుంచి మొదలుపెట్టింది. శంకరమ్మ గొంతు మొదటి నుంచి వచ్చింది. నిన్న నేను మధ్యలో విన్నాను కదా, మొదలు వినలేదు. నేతగాని కూతురికి మాట ఎందుకు పడిపోయిందో, నది ఆమెతో ఏం బేరం పెట్టిందో ఇప్పుడు తెలిసింది. మంజు అలక మీద ఉంది కాబట్టి ఊ అనడం లేదు. ట్యాబులో ఉన్న మంజు మాత్రం అంటోంది.

మా అవ్వ పోయాక నాకు కథ చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. చెప్పడమే గానీ వినడం లేదు. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు. నది పొంగి నేతగాని కూతురు మగ్గం గుంతలోకి నీళ్ళు వచ్చే చోట శంకరమ్మ ఆగింది, ట్యాబులో మంజు ఊ అనేలోపే నేను "ఊ, తర్వాత?" అన్నాను. గట్టిగా అన్నాను.

మంజు పక్కకు తిరిగి చూసి నవ్వు ఆపుకుంది. హసీనా ఆపుకోలేదు. వెనక నుంచి ఇంకో నవ్వు వినిపించింది. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని శంకరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఊ కొడతాండావే వదినా."

"నీ గొంతు ఆరిపోతాదని" అన్నాను.

"నా గొంతు ట్యాబులో ఉండాది. ఆరదు." వచ్చి నా పక్కనే కూర్చుంది. రొట్టె విప్పి ముక్క నా నోటికి అందించింది, నా చేతులు కొంగులో ఉన్నాయి కదా. తిన్నాను. "రొట్టె బాగుండాది" అన్నాను. అది అనడానికి నాకు మూడు రోజులు పట్టింది.

సాయంత్రం గంట కొట్టకముందే మంజు చివరి లెక్క చేసింది. చీర నిండింది. కానీ కింద జానెడు పడుగు నేయకుండా అలాగే ఉండిపోయింది, పోగులు వేలాడుతూ. నా వేళ్ళు కొంగులో కదిలాయి.

"అది ముట్టొద్దు" అంది శంకరమ్మ. "ఏ నేతగాడూ పడుగు మొత్తం కోయడు వదినా. ఆఖర్న ఇంత వదుల్తాడు. కొత్త పడుగు పోగులు తెచ్చి, ఆ పాత పోగులకే ఒక్కోటి అతుకుతాడు. లేకుంటే మళ్ళా మొదట్నుంచి మగ్గం కట్టల్ల."

రజియా టీచరు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు దగ్గరికి వచ్చింది. సెలవులయ్యాక రెండో చీర మొదలవుతుందట. దానికి ఇంకో కథ కావాలట. "ఈ అవ్వ బాగా చెబుతుందని మంజు రోజూ అంటుంది" అంది.

రోజూ అంటుందట. నాకు ఎవరూ చెప్పలేదు. నేను మంజు వైపు చూశాను, అది ట్యాబు తుడుస్తున్నట్టు నటించింది.

"సెప్తా" అన్నాను. "కానీ నాకు ఊ కొట్టేది మంజు కాదు. ఈ యమ్మ కొట్టల్ల."

"నేనా?" అంది శంకరమ్మ.

"నీకు నా మనవరాలు కొట్టె. నాకు నువ్వు కొట్టు. సమానం."

అప్పటికప్పుడే తలుపులు మూసి, రికార్డు పెట్టి టీచరు సైగ చేసింది. నేను మొదలుపెట్టాను, నేయకుండా వదిలిన ఆ జానెడు పడుగు దగ్గరి నుంచే. ఒక మాట చెప్పి ఆగాను. శంకరమ్మ గోడ వైపు చూస్తూ, పళ్ళు బిగించి, "ఊ" అంది. పన్ను పీకుతుంటే అన్నట్టు. కథ ముదిరే కొద్దీ ఆ ఊ కొంచెం కొంచెం సాగింది. చివరికి వచ్చేసరికి నా మోకాలు పట్టుకుని, "ఊఁ ఊఁ, ఆ పిల్ల బతికిందా లేదా సెప్పు ముందు" అంది. అది కూడా రికార్డయిపోయింది. తీసేయనా అని టీచరు అడిగితే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

తిరుగు దారి

మంజు బట్టల సంచితో నా వెంట బస్సెక్కింది. శంకరమ్మ రొట్టెలు, శెనగకాయల పొడి కట్టిచ్చింది. ఆదోనిలో బస్సు మారేటప్పుడు మంజుకు బజ్జీలు కొనిపెట్టాను. సెలవులన్నీ మళ్ళీ నావే అయ్యాయి. సాయంత్రం పూట గడ్డం మోకాళ్ళ మీద పెట్టుకుని, నా దగ్గరే, ఊ అంది.

మొన్న రజియా టీచరు ఫోన్ చేసింది. నా కథ బడిలో మొదలైందట, పిల్లలు లెక్కలు బాగా చేస్తున్నారట. సంతోషించాను. "పిల్లలకు కథ నచ్చిందా?" అని అడిగితే కొంచెం నవ్వి, "నచ్చింది అవ్వా. కానీ అందరూ శంకరమ్మ గారి ఊనే అనుకరిస్తున్నారు. ఒకడు తలుపు తట్టినా పళ్ళు బిగించి ఊ అంటున్నాడు" అంది.

చూశారా. కథ నాది. పేరు ఆమెకు.

సరే, పొద్దు వాలుతోంది. ఇంతసేపు ఓపిగ్గా ఊ కొట్టారు. మీ ఇంట్లో జొన్నరొట్టె పొంగాలి, మీ పిల్లలు తప్పు పోగు నవ్వుకుంటూ లాగేసి మళ్ళీ నేసుకోవాలి. చెప్పే గొంతూ, ఊ కొట్టే గొంతూ ఒకే చూరు కింద ఉండాలి. ఒకదాని మీద ఒకటి కొంచెం కుళ్ళుకున్నా పరవాలేదు, ఏ పూటా ఒకటి లేకుండా ఇంకొకటి ఉండకూడదు.